ఏడు కాళ్ళ తేలు, ఒక్కదారి బ్లాగు

ఇందులో ప్రతి మాటా నిజం. ఊరికే అనడం లేదు. ఇన్నేళ్ళుగా నా చేతి మీదుగా గనిలోకి దిగి, తిరిగి నా చేతికే వచ్చిన టోపీ లైట్ల మీద ప్రమాణం చేస్తున్నాను. అవి చాలకపోతే మా ఆవిడ కాల్చే సర్వపిండి మీద, అదీ చాలదంటే కాలనీ మొత్తాన్ని లేపే పొద్దుటి సైరన్ మీద. ప్రమాణం ఇంత పొడుగ్గా ఎందుకంటే, మా సెంటినరీ కాలనీలో నా మాటకున్న పరపతి అలాంటిది. మూడు గంటలైందని నేనంటే జనం గడియారం చూసుకుంటారు. అందులోనూ మూడే అయితే, గడియారం ఆడుతోందో లేదోనని చెవి దగ్గర పెట్టుకుని వింటారు.

పేర్లు మాత్రం రాయను. రాస్తే వాళ్ళు వచ్చి అసలు కథ చెబుతారు.

నా ఉద్యోగం ల్యాంపు రూములో. గనిలోకి దిగే ప్రతి మనిషీ నా కిటికీ దగ్గర తన ఇత్తడి బిళ్ళ ఇచ్చి టోపీ లైటు తీసుకుంటాడు. పైకి వచ్చాక లైటు ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. కొక్కేనికి బిళ్ళ వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. షిఫ్టు మొదట్లో అరగంట, చివర్లో అరగంట, ఊపిరి తిరగని పని. మధ్యలో ఏడు గంటలు బిళ్ళల్ని చూస్తూ కూర్చోవడమే. అంతసేపు ఖాళీగా ఉన్న మనిషి ఏం చేస్తాడు? కోతలు కోస్తాడు. మొదట్లో పక్క కుర్చీలో కూర్చునే ఆయనకు చెప్పేవాణ్ణి. ఆయన తనంతట తాను అర్జీ పెట్టుకుని వేరే గనికి వెళ్ళిపోయాడు. అప్పుడు బ్లాగు పెట్టాను.

మూడో సీములో, అంటే మూడో బొగ్గు పొరలో, ఎలుకలకు సైరన్ కన్నా ముందే షిఫ్టు మార్పు తెలుస్తుందని రాశాను. మా కాలనీ నల్లా నీళ్ళతో టీ పెడితే పొడి వేయనక్కర్లేదని రాశాను. ఎవరూ చదవలేదు. ఒకసారి మా ఆవిడ నా యూనిఫాం ఉతుకుతూ నన్నూ, కంపెనీనీ, బొగ్గు పుట్టుకనూ కలిపి తిడుతుంటే ఆ ఊపులో ఒక కథ రాశాను. ఒక ఇల్లాలు మొగుడి చొక్కా మరక వదిలించడానికి ఏడు రోజులు ఏడు రకాలుగా ఉతుకుతుంది. ఎనిమిదో రోజు చొక్కా ఉంచుకుని మొగుణ్ణి మార్చేస్తుంది. దానికి పెట్టిన పేరు: ‘బట్టలకంటిన బొగ్గు మరక పోవాలంటే ఏం చేయాలి?’

ఆ పేరే కొంప ముంచింది. దేశంలో ఎవరి బట్టలకు ఏ మసి అంటినా సెర్చ్ ఇంజిన్‌లో అదే ప్రశ్న వేసేవారు కాబోలు, అది వాళ్ళందర్నీ చెయ్యి పట్టుకుని తెచ్చి నా గుమ్మంలో దింపేది. వాళ్ళు ఆశగా ఏడు రోజుల ఉతుకుడూ చదివి, చివరికి వచ్చి, నన్ను తిట్టి పోయేవారు. ‘ఇంత చదివించి మొగుణ్ణి మార్చమంటావా, నీ బ్లాగు పాడుగాను’ అని ఒకామె. ‘మరక పోలేదు. మా ఆయన కూడా పోలేదు’ అని ఇంకొకామె.

బ్లాగుకు వచ్చేవాళ్ళు ఏ దారిన వస్తున్నారో చూపించే పేజీ ఒకటుంటుంది. అందులో జొన్నరొట్టెలా గుండ్రటి బొమ్మ. ఒక్కో దారికి ఒక్కో రంగు ముక్క. నా రొట్టె మొత్తం నీలం. అంటే అందరూ సెర్చ్ ఇంజిన్ దారినే వచ్చారని. అంచున వెంట్రుకంత సన్నగా ఒక ఎర్రగీత ఉండేది. అది నేను. ఎంతమంది వచ్చారో చూడటానికి నా బ్లాగుకు నేనే వెళ్ళిన దారి.

నాకప్పుడు రంగుల సంగతి పట్టలేదు. మంది వస్తున్నారు, అదే చాలు. టీ హోటల్లో, షిఫ్టు బస్సులో, మార్కెట్లో కనపడిన ప్రతివాడికీ ‘లోకమంతా నన్ను చదువుతోంది’ అని చెప్పాను. ఆ మాట వెళ్ళి మా ఎదురు క్వార్టరు అవ్వ చెవిన పడింది.

అవ్వ ఎండాకాలమంతా వాకిట్లో పిడి లేని విసుర్రాయి మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తుంటుంది. ఒకరోజు డ్యూటీ దిగి వస్తుంటే పిలిచింది.

“ఏం కొడుకా, నువ్వు రాసేది లోకమంతా చూస్తదంటివట?”

“చూస్తది అవ్వా. దుబాయిల గూడ చూస్తున్నరు.”

“దుబాయి నాకెందుకు? మా దోస్తును దేవులాడిపెట్టు.”

అని గాజులు పైకి తోసి, ముంజేతి మీది పచ్చబొట్టు చూపించింది. తేలు. పాతబడి ఆకుపచ్చగా అలుక్కుపోయింది కానీ తేలే. కాళ్ళు లెక్కపెట్టమంది. పెట్టాను. ఏడు.

“తేలుకు ఎనిమిదుండాలె గదా అవ్వా?”

“ఏడోది పొడిచేటాలకు నాకు పానం పోయినంత పనాయె. ‘నాకొద్దు పో’ అని చెయ్యి గుంజుకున్న. పక్కన కూసున్నది మా దోస్తు. ‘దీని వంతు కాలు గూడ నాకే పొడువు’ అన్నది. దాని తేలుకు తొమ్మిది.”

ఇద్దరూ ఒకే ఏడు ఒకే ఊరికి కోడళ్ళుగా వచ్చారు. పక్క పక్క ఇళ్ళు. ఆ ఊరు ఓపెన్ కాస్టు గని కింద పోయింది. ఖాళీ చేసిన రోజున దోస్తు వాళ్ళ సామాను ఒక ట్రాక్టరెక్కింది, అవ్వ వాళ్ళది ఇంకో ట్రాక్టరెక్కింది. అప్పటికి చేతిలో ఫోన్లు లేవు. వాళ్ళు మందమర్రి వెళ్ళారని కొందరన్నారు. కాదు, మహారాష్ట్ర దిక్కు అన్నారు ఇంకొందరు. అవ్వ కొడుకు మందమర్రి బజారంతా తిరిగి అడిగి వచ్చాడు. ఆమెను ఊళ్ళో అందరూ ముద్దుపేరుతోనే పిలిచేవారు, అసలు పేరు అవ్వకే తెలియదు. ముద్దుపేరు పట్టుకుని బజార్లో అడిగితే జనం నవ్వారట.

“కొడుకు డ్యూటీ ఇంక రెండు నెలలే. దిగిపోతడు. ఇల్లు కంపెనీకి అప్పజెప్పి కరీంనగర్ అవుతలికి పోతున్నం,” అంది అవ్వ. “కాలనీల ఉంటనే అని దానికి చెప్పిన. దానికి తెలిసిన జాగ ఇదొక్కటే. రేపు అదొచ్చి ఈ గల్లీలల్ల తిరిగితే నన్నెవలు చూపిస్తరు?”

చింతగింజ ఒకటి తీసి పక్కన పడేసింది.

ఆ సాయంత్రమే రాశాను. తొమ్మిది కాళ్ళ తేలు పచ్చబొట్టున్న పెద్దామె ఎవరికైనా తెలుసా అని. నా జన్మలో కోత లేకుండా రాసిన మొదటి ముక్క అది. రాసి, రొట్టె ముందు కూర్చున్నాను. మరక కోసం వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు, తిడుతూనే ఉన్నారు. పక్క గదిలో ఒక ముసలామె చెయ్యి చాపుకుని కూర్చుందని ఒక్కరూ తొంగి చూడలేదు. వచ్చిన తలుపులోంచే వెళ్ళిపోయారు.

వారం తిరగకముందే ఇంకో దెబ్బ పడింది. ప్రశ్న వేస్తే సెర్చ్ ఇంజిన్ ఎవరి ఇంటికీ పంపకుండా, తనే పైన జవాబు చెప్పడం మొదలుపెట్టింది. బొగ్గు మరకకు నిమ్మకాయ, సబ్బునీళ్ళు అని రెండు ముక్కల్లో తేల్చేసింది. ఎవరి మొగుడినీ మార్చలేదు. ఇంక నా గుమ్మం తొక్కాల్సిన అవసరం ఎవరికుంటుంది? రోజుకు వందల మంది వచ్చే చోట తొమ్మిది మంది మిగిలారు. అందులో ఐదుసార్లు నేనే.

అవ్వ మాత్రం రోజూ అడిగేది.

“దొరికిందా?”

“అమెరికా దాక పోయింది అవ్వా కబురు.”

“అది అమెరికా ఎందుకు పోతదిరా? దానికి బస్సెక్కితేనే కక్కులొస్తయి.”

నా కోతలు ఇతరులకు నచ్చకపోవడం మామూలే. నా కోత నాకే మింగుడు పడకపోవడం అదే మొదలు.

మా కాలనీ టీ హోటల్లో ఒక బావ ఉంటాడు. చుట్టరికం ఏమీ లేదు. నేను బావ అంటాను, ఆయన బామ్మర్ది అంటాడు, అందుకని ఒకర్నొకరు ఎంత తిట్టుకున్నా చెల్లుతుంది. గనిలో ఓవర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. అంటే లోపల ఒక వైపు మనుషులందరి మంచిచెడ్డలు ఆయన మీదే ఉండేవన్నమాట. ఇప్పుడు హోటల్‌కు ఓవర్‌మన్‌. ఆయనకు నా రొట్టె చూపించి గోడు చెప్పుకున్నాను. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ఫోన్ దూరంగా పట్టుకుని చూశాడు.

“గిదంత నీలమేంది?”

“అందరు ఒకటే దారిల ఒచ్చిన్రు బావా. ఆ దారి బందైంది.”

“ఎన్నేండ్లాయెరా నువ్వు బాయి మీద పనిచేయవట్టి?” గనిని మా వైపు బాయి అంటారు. “ఒక్క దారున్న బాయిల మనిషిని దింపుతరా?”

ఆ నియమం గని మీద పనిచేసే పిల్లికి కూడా తెలుసు. లోపలికి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు దారులు ఉంటే తప్ప ఎవర్నీ దింపకూడదు. ఒకటి కూలితే ఇంకొకటి ఉండాలి.

“కూలినంక ఇంకోటి తవ్వుతమంటే లోపలున్నోళ్ళకేం జెప్తవ్?” అన్నాడు బావ. “నీ బిళ్ళ ఒకటి కొక్కానికి యాలాడుతున్నది. ఆ ముసలామెది. నువ్వేమో పైన కూసొని చాయ్ తాగుతున్నవ్.”

చాయ్ అక్కడే వదిలేసి లేచాను. (ఆ చాయ్ బావ తాగాడు. అది కూడా నిజమే.)

రెండో దారి తవ్వాలి సరే, ఎక్కడ? గని మనిషికి గనే గుర్తొస్తుంది. లోపలికి ఫోన్లు తీసుకెళ్ళకూడదు. దిగేవాళ్ళందరూ నా కిటికీ పక్కనున్న అరల్లో ఫోన్లు పెట్టి దిగుతారు. రోజుకు మూడు షిఫ్టులు. ఇంతకన్నా మంచి దారి ఎవరికుంది? మర్నాటి నుంచి, ఫోన్ అరలో పెట్టేముందు నా తేలు పేజీ తెరిచి పెట్టాలి, లేకపోతే లైటు ఇవ్వను అన్నాను. మావాళ్ళు మంచివాళ్ళు. అవ్వ కోసం అనేసరికి అందరూ తెరిచి పెట్టారు.

సాయంత్రం రొట్టె చూస్తే కళ్ళు తిరిగాయి. ఒక్కొక్కరూ నా పేజీ మీద ఎనిమిది గంటలు ఉన్నారని ఉంది! పది వాక్యాల పేజీ. ఏ రచయితకైనా ఇంత శ్రద్ధగల పాఠకులు దొరికారా? పాఠకుడు భూమి లోపల, పేజీ భూమి పైన. షిఫ్టు దిగగానే అందరూ ఒక్కసారే మూసేసి ఇంటికి పోయారు. మళ్ళీ ఇంకో మంద వచ్చి ఒక్కసారే తెరిచింది.

మూడో రోజు పేజీకి అనుమానం వచ్చింది. ఒకే చోటు నుంచి, ఒకే నిమిషంలో, ఇంతమంది తెరిచి ఎవరూ వేలు కదపకపోతే ఎవరికి మాత్రం రాదు? ‘మీరు మనిషేనా?’ అని అడగడం మొదలుపెట్టింది. తొమ్మిది గళ్ళ బొమ్మ చూపించి బస్సులున్న గళ్ళు నొక్కమంది. షిఫ్టు ఎక్కే వేళ, కిటికీ ముందు బారుగా నిలబడి, టోపీలు పెట్టుకుని, బూట్లేసుకుని, అందరూ బస్సులు వెతుకుతున్నారు.

“ఏందన్నా, పొద్దుగాల డ్యూటీకొచ్చి బస్సులు ఏరుకునుడేంది?”

“నేను మనిషినో కాదో మా ఇంటామెనడుగు, అది జెప్తది.”

“అరే, గిది బస్సా లారీయా? నొక్కాల్నా ఒద్దా?”

“నువ్వు నొక్కకు, నిన్ను మనిషి కాదంటది.”

బారు గేటు దాకా పెరిగింది. షిఫ్టు ఆలస్యమయ్యే లోపల దుకాణం కట్టేశాను. సాయంత్రం బావ టీ హోటల్లో తీర్పు చెప్పాడు.

“రెండు దార్లంటే రెండు దిక్కులనుంచి రావాలెరా. నువ్వు ఉన్న ఒక్క సొరంగానికే రెండు బోర్డులు కొట్టినవ్. ఆ కొత్తదన్న అవ్వ దోస్తు దిక్కు పోతదా? ఈళ్ళందరికి అవ్వ రోజు కనవడ్తనే ఉంటది.”

నిజమే. అవ్వను తెలిసినవాళ్ళందరి చేతా అవ్వ గురించి చదివించాను.

ఆ తర్వాత దారి మా ఆవిడ తవ్వింది. నా చొక్కా తీగ మీద ఆరేస్తూ అంది:

“ఆ ఆడోళ్ళు గన్ని తిట్లు తిట్టిన్రు గదా, ఒక్కరికన్న జవాబిచ్చినవా?”

“తిట్టిన్రని ఏమని జవాబియ్యాలె?”

“మరక ఎట్ల పోతదో చెప్పు. ముందుగాల తడపొద్దు, పొడిగ ఉన్నప్పుడే దులపాలె. తడిపితే మసి లోపలికి గుంజుతది. ఇంత తెల్వనోడివి కథలు రాస్తవ్.”

ఇన్నేళ్ళు ఆ చొక్కా తొడుక్కుని తిరిగాను, ఆ సంగతి నాకు ఆరోజే తెలిసింది. ఒక్కో తిట్టు కిందా కూర్చుని రాశాను: అమ్మా, తప్పయింది, మా ఆవిడ ఇలా చెప్పింది. కింద ఇంకో ముక్క: మీకు తెలిసినవాళ్ళలో తొమ్మిది కాళ్ళ తేలు ఉన్నామె ఎవరైనా ఉన్నారా?

ఎన్ని తిట్లో అన్ని జవాబులు. రెండు రోజులు పట్టింది. వాళ్ళు తిరిగి వచ్చారు! ఈసారి సెర్చ్ ఇంజిన్ తేలేదు, వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. మరక పోయిందన్నారు. ‘మీ ఆవిడే రాస్తే బాగుండేది’ అన్నారు. ఒకామె బట్టలు కుడుతుందట, ఒకామె హాస్టల్లో వార్డెన్ అట. వాళ్ళ ఆడవాళ్ళ ఫోన్ గ్రూపుల్లో తేలును పంపారు. నా రొట్టెలో మొదటిసారి పచ్చ ముక్క కనిపించింది. చిన్నదే. కానీ పచ్చ.

అయినా దోస్తు జాడ లేదు. అవ్వ కొడుక్కి నెలే మిగిలింది. వాళ్ళింట్లో అట్టపెట్టెలు చేరాయి.

గోదావరిఖని బజార్లో నా బండి బాగుచేసే భాయ్ ఒకాయన ఉన్నాడు. ఆటోలు, లారీలు, కూలర్లు, ఏది పట్టుకెళ్ళినా విప్పుతాడు. ఆయనకు ఫోన్లో తేలు చూపించాను. చేతికి గ్రీజు ఉందని చదివి వినిపించమన్నాడు. వినిపించాను. పాన పక్కన పెట్టాడు.

“భాయ్, ఆ అవ్వకు సదువొస్తదా?”

“రాదు.”

“దోస్తుకు?”

“ఆమెకూ రాదు.”

“ఫిర్ లిఖ్‌కే క్యా ఫాయ్‌దా మియా?” అన్నాడు. “సదువు రాని మనిషికి రాసుకుంట కూసున్నవ్. ఆమె నోరు తెరిపియ్. నోరున్నది గదా?”

అవ్వకు నోరుంది. మా గల్లీ మొత్తం సాక్షి.

ఆ సాయంత్రమే ఫోన్ పట్టుకుని వెళ్ళి విసుర్రాయి ముందు కూర్చున్నాను. ఇందులో మాట్లాడితే దోస్తుకు వినపడుతుందని చెప్పాను. అవ్వ చింతపండు చాట పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, ఫోన్‌ను నోటి దగ్గరికి లాక్కుని, ఊరవతల మనిషిని పిలిచినట్టు అందుకుంది:

“ఏమే తొమ్మిది కాళ్ళదానా! ఉన్నవా, సచ్చినవా? ఉంటే పలుకు, సస్తే కలలకన్న రా. కాలనీల ఉంటనని చెప్తి, ఇన్నేండ్లాయె, ఒక్కనాడన్న తొంగి చూసినవా? బస్సెక్కితే కక్కుతవని ఎర్కే, కవరు పట్టుకొని రా. మా కొడుకు డ్యూటీ అయిపోతున్నది. ఈ ఇల్లు ఇడిచిపెడుతున్నం. ఇంకెన్నడన్న దేవులాడుతనంటే నేను దొరక. నాది నీకాడ ఉన్నది. అదేందో నీకు తెలుసు. జల్ది తీస్కొని రా.”

అంతే. ఫోన్ నా ఒళ్ళోకి విసిరి చాట ముందుకు లాక్కుంది.

దాన్ని బ్లాగులో పెట్టాను. ఆడవాళ్ళ గ్రూపుల్లో గుప్పుమంది. ముఖ్యంగా ‘నాది నీకాడ ఉన్నది’ అన్నచోట అందరూ ఏడ్చారు. అవ్వ మనసే అయ్యుంటుందని కుట్టుమిషన్ ఆమె రాసింది. బాల్యం అని వార్డెన్ రాసింది. అవ్వకు చదివి వినిపిస్తే “ఈళ్ళకు పని లేదా?” అంది.

మెకానిక్ భాయ్ ఇంకో పని చేశాడు. ఫోన్ చూపిస్తే పేజీ తెరుచుకునే స్కానర్ స్టిక్కర్లు కొట్టించి, తన దగ్గర బాగుపడిన ప్రతి బండికీ అంటించాడు. బ్రేకులు సరిచేసిన లారీ తేలుతో పోయింది, పంక్చరు వేసిన ఆటో తేలుతో పోయింది. కూలరు తెచ్చినాయన కూలరుకు కూడా అంటించాడు. ‘ఇది ఇంట్లనే ఉంటది కదా భాయ్’ అంటే, ‘చుట్టాలొస్తరు’ అన్నాడు.

నా రొట్టెకు అన్ని రంగులూ వచ్చాయి. బస్టాండు నుంచి ఒకరు, చర్చి మహిళల గ్రూపు నుంచి ఒకరు, ఎవరింటి కూలరు నుంచో ఒకరు. మొత్తం కలిపినా మరక రోజుల్లో వచ్చినవాళ్ళలో పావు వంతు లేరు. కానీ ఏ ఇద్దరూ ఒక దారిన రాలేదు. బావ చూసి, ‘ఇప్పుడు మనిషిని దింపచ్చు’ అన్నాడు.

అవ్వ కొడుకుకు శాలువా కప్పారు, దండ వేశారు, డ్యూటీ దించారు. మర్నాటి నుంచి వారంలోగా ఇల్లు అప్పజెప్పాలి. ఐదో రోజున రొట్టె పక్కన ఒక కొత్త వరస వచ్చింది. వచ్చినవారు ఒకరు. ఏ దారిన: తెలియదు. ఆ తెలియని మనిషి అవ్వ గొంతును పదకొండుసార్లు విన్నాడు. తర్వాత ఒక గొంతు పంపాడు. నొక్కాను.

“ఏమే ఏడు కాళ్ళదానా! సచ్చిపోతే నీకు చెప్పకుంట సస్తనా? ఆగు, ఒస్తున్న!”

తర్వాత తెలిసింది, అది కాసిపేట దగ్గర పల్లె. పంపింది దోస్తు కోడలు. ఆ ఊళ్ళోకి ఉల్లిగడ్డల ఆటో వస్తుంది. ఆటో ఇంజను మా భాయ్ బాగుచేశాడు. ఉల్లిగడ్డల ఆయనకు మైకులో ‘ఉల్లిగడ్డలు, ఎల్లిగడ్డలు’ అని అరిచి అరిచి విసుగొచ్చి, మధ్యమధ్యలో అవ్వ తిట్లు వేస్తున్నాడట. జనం నవ్వుకుంటూ బయటికొస్తారు, సరుకు అమ్ముడవుతుంది. దోస్తు పెరట్లో గిన్నెలు తోముతుంటే, ఎన్నేళ్ళ కిందటి గొంతో వీధిలోంచి తన ముద్దుపేరు పెట్టకుండానే తనను పిలిచింది. మసిచేతులతోనే పరిగెత్తి ఆటోకు అడ్డం నిలబడింది.

“ఎన్ని కిలోలమ్మా?” అన్నాడాయన.

“ఉల్లిగడ్డలు కాదురా! ఆ తిట్టే మనిషి కావాలె నాకు!”

కోడలు ఆటో మీది స్టిక్కర్‌ను ఫోన్‌తో చూసింది. అదీ ఆ తెలియని దారి.

ఇల్లు ఖాళీ చేసే రోజున, సామాను వ్యాను ఎక్కుతుండగా, దోస్తు కోడలి చెయ్యి పట్టుకుని కాలనీ మలుపు తిరిగింది. బక్కపలచని మనిషి. దారిలో రెండుసార్లు కక్కిందట. కవరు చేతిలోనే ఉంది. అవ్వ వాకిట్లోంచి లేచింది. ఇద్దరూ చేతులు చాపారు. ఏడు. తొమ్మిది. లెక్కపెట్టుకున్నారు. తర్వాత ఒకరినొకరు అలుముకుని గల్లీ అదిరేలా ఏడ్చారు. వ్యాను డ్రైవరు ఏడ్చాడు. బావ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. మా ఆవిడ లోపలికెళ్ళి కొంగుతో మొహం తుడుచుకుని వచ్చింది.

ఇప్పుడు ఒప్పుకోవాలి. మొదట్లో అన్నిటి మీదా ప్రమాణం చేశాను. టోపీ లైట్లు, సైరన్ నన్నేమీ చేయవు కానీ, మధ్యలో సర్వపిండిని కూడా ఇరికించాను. రేపు మా ఆవిడ కాల్చడం మానేస్తే కష్టం.

వాళ్ళు అలుముకోలేదు. ఎవరూ ఏడవలేదు. డ్రైవరు బీడీ కాల్చుకుంటున్నాడు. చేతులు చాపడం నిజం, కాళ్ళు లెక్కపెట్టడం నిజం, నేనూ పక్కన నిలబడి లెక్కపెట్టాను, తొమ్మిదే. లెక్క కాగానే అవ్వ అడిగిన మొదటి మాట:

“నా ఇసుర్రాయి కొయ్య ఏదే?”

ఊరు ఖాళీ చేసిన రోజున ట్రాక్టర్ల గలాటాలో విసుర్రాయి పిడి దోస్తు వాళ్ళ సామానులో పడి వెళ్ళిపోయిందట. అప్పటి నుంచి ఆ రాయి తిరగలేదు. అవ్వ దాని మీద కూర్చుంటోంది. వార్డెన్‌కు బాల్యమనిపించింది, కుట్టుమిషన్ ఆమెకు మనసనిపించింది ఈ జానెడు కొయ్యే.

“నీ కొయ్య పగిలిందే! ఇది నాది!” అని దోస్తు సంచిలోంచి దాన్ని తీసి చూపించింది.

“తెచ్చినవా? ఇటియ్యి.”

“తెచ్చిన. గానీ ఇయ్య. చూపెడ్దామని తెచ్చిన.”

మా ఆవిడ పెట్టిన టీ చల్లారేదాకా, మళ్ళీ వేడిచేసింది చల్లారేదాకా కొట్లాడుకున్నారు. బావ మధ్యలోకి వెళ్ళి ఇద్దరి చేతా తిట్లు తిని వచ్చాడు. చివరికి రాయి కరీంనగర్ వ్యానెక్కింది, కొయ్య కాసిపేట బస్సెక్కింది. రెండూ ఇంకా కలవలేదు. పొద్దుటి సైరన్ వేళకు ఇద్దరిలో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారట, ముందు రోజు కొట్లాట ఎక్కడ ఆపారో అక్కడి నుంచి అందుకుంటారట.

వ్యాను కదిలే ముందు అవ్వ నన్ను పిలిచి చెవిలో చెప్పింది:

“ఇది రాస్తవు గదా? కొయ్య సంగతి రాయకు, మంది నవ్వుతరు. అలుముకొని ఏడ్చినమని రాయి.”

రాశాను కదా అవ్వా. చెప్పినట్టే రాశాను. నవ్వేవాళ్ళు నవ్వితే నన్నేం చేయమంటావు?